మామ్మగారి కొలతకి కట్టిన గట్టు

మా పెద్దమ్మ పోయింది. దాళ్వా ధాన్యం లారీలెక్కి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున, నిద్రలోనే పోయింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయిందని వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. బతికున్నన్నాళ్లూ ఆవిడ చేసింది కూడా అదే కాబట్టి, చివరి రోజున ప్రత్యేకంగా మెచ్చుకోవడం దేనికో నాకు అర్థం కాలేదు.

కబురు నాకు ఫోన్లో, బంధువుల గ్రూపులో తెలిసింది. "మీ పెద్దమ్మ ఇక లేదు. రండి" అని పెదనాన్న రాశారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో ఒక బావ పొరపాటున బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, వెంటనే తీసేసి, చేతులు జోడించాడు. నాకు నవ్వొచ్చింది. ఈ సంగతి పెద్దమ్మకి చెప్పాలి అనుకుని ఆవిడ నంబరు తెరిచాను. అప్పటికిగానీ కబురు నాకు పూర్తిగా ఎక్కలేదు.

తెరిచి చూస్తే, మా ఇద్దరి మధ్య ఆఖరి మాట నాదే. ముందురోజు మధ్యాహ్నం ఆవిడ ఒక ఫొటో పంపింది. గ్యాస్ స్టవ్ కింద పెట్టుకునే ఇనప స్టాండు. "ఒరేయ్, ఇది పెట్టుకుంటే గట్టు జోలికి వెళ్లక్కర్లేదు కదా? చూసి చెప్పు నాన్నా" అని కింద రాసింది. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి బాగా ఆలోచించి, "పెద్దమ్మా, మనం కేటరింగ్ పెడుతున్నామా?" అని రాసి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వే బొమ్మ జోడించాను. పక్కన రెండు నీలం టిక్కులు. చూసింది.

ఆ ప్రశ్నకి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కాస్త ఆలస్యమైంది.

నేను నాలుగేళ్లు నిడదవోలులో పెద్దమ్మ వాళ్లింట్లో ఉండి, రోజూ రైల్లో రాజమండ్రి వెళ్లి చదువుకున్నాను. వాళ్లకి పిల్లల్లేరు. అందువల్ల ఆవిడ చేతి వంట తినే భాగ్యం, ఆవిడ వంటగది సంస్కరణల్లో కూలీగా పనిచేసే భాగ్యం రెండూ నాకే దక్కాయి. కాలేజీలో నేర్చుకున్నది చాలావరకు మర్చిపోయాను. ఆ వంటగదిలో నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ వదలడం లేదు.

అది పాతకాలపు వంటగది. మసి పట్టిన గోడలు, తలుపుల్లేని అరలు, ఒకే ఒక్క కిటికీ. అన్నిటికన్నా ముఖ్యమైనది గట్టు. నల్లటి కడప రాయి పరిచిన వంటగట్టు. ఇల్లు కట్టేటప్పుడు ఇంటి పెద్దావిడని, అంటే పెదనాన్న వాళ్లమ్మగారిని, గోడ పక్కన నిలబెట్టి, మోచెయ్యి దగ్గర మేకుతో గీత గీసి, దానికి బెత్తెడు కిందగా ఆ గట్టు కట్టారట. వంటగదికి అత్తగారి కొలత తీసుకోవడం ఆ రోజుల్లో మర్యాద. ఆ పెద్దావిణ్ణి ఇంట్లో అందరూ మామ్మగారు అనేవారు. మామ్మగారు బాగా పొట్టి మనిషి. మా పెద్దమ్మ గుమ్మంలోకి తల వంచి వచ్చే మనిషి. గృహప్రవేశానికి ముందే ఆ కుటుంబంలోకి కోడలై వచ్చింది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ గోడ పక్కన నిలబెట్టలేదు. కట్టిన రెండేళ్లకి మామ్మగారు కాలం చేశారు. ఆవిడ కొలత ముప్పై ఏళ్లు ఉండిపోయింది.

గట్టు పైన గోడకి కొట్టిన చెక్కబల్ల కూడా ఆ కొలతదే. ఉప్పు డబ్బా, కాఫీపొడి డబ్బా మామ్మగారి చేతికి అందాలి కదా మరి.

ఆ రెండూ తప్ప ఆ గదిలో పెద్దమ్మ మార్చనిది లేదు. ఆవిడ పద్ధతిలో మొదటి మాట ఒకటే: "ముందు తీసెయ్. కొనడం సంగతి తర్వాత." ఒక ఆదివారం నన్ను అటక ఎక్కించింది. మూతల్లేని డబ్బాలు ఒక బస్తాడు, డబ్బాల్లేని మూతలు ఒక బస్తాడు దింపాను.

"పెద్దమ్మా, వీళ్లకీ వీళ్లకీ సంబంధం చూద్దామా?" అన్నాను.

"పదేళ్ల నుంచి చూస్తున్నాన్రా. ఒక్క జాతకం కలవలేదు. తీసెయ్."

అవి పోగానే గది సగం పెద్దదైంది. తర్వాత గోడలు. చాకలిసోడా నీళ్లతో మసి రుద్ది కడిగేదాకా నన్ను రంగు డబ్బా ముట్టుకోనివ్వలేదు. మొహం కడుక్కోకుండా పౌడరు రాసుకుంటే ఎలా ఉంటుందో నన్ను చూస్తే తెలుస్తుందని అంది. అరలకి తలుపులు చేయించకుండా పాత వాయిల్ చీర చింపి, స్ప్రింగు మీద తెరలు కట్టింది. బీరువా తలుపులు అవే ఉంచి, పిడులు మాత్రం మార్చింది. "రోజూ చెయ్యి తగిలేదే మార్చుకోవాల్రా. చెయ్యి తగలనిది పాతదైతే మాత్రం ఏంటి?" అనేది. ట్యూబులైటు ఎప్పుడూ ఆవిడ వెనక గోడకి ఉండేది. దాన్ని తీయించి, చెక్కబల్ల కింద సన్నటి ఎల్ఈడీ పట్టీ నాతో అంటించింది. స్విచ్ వెయ్యగానే గట్టు మీద కూరలు తరిగే చెక్కకేసి చూసి, "ఇన్నాళ్లూ నా నీడలోనే నేను కూరలు తరుక్కున్నానన్నమాట" అంది. నేను నవ్వాను. నేను అన్నిటికీ నవ్వేవాణ్ణి.

స్టవ్ వెనక గోడకి టైల్ స్టిక్కర్లు నేనే ఆన్‌లైన్లో తెప్పించి అంటించాను. మూడు వారాల్లో ఆవిరికి చివర్లు లేచి, పులుసులోకి తొంగి చూడ్డం మొదలుపెట్టాయి. పెద్దమ్మ వాటిని జాగ్రత్తగా ఊడదీసి, ఆవిరి తగలని ఎదుటి గోడకి మైదా జిగురుతో అతికించింది. ఆవిడ నుదుట ఎప్పుడూ కుంకుమే ఉండేది. బొట్టుబిళ్ల పెట్టుకోవచ్చుగా అంటే, "నీ స్టిక్కర్లు గోడకే నిలబడలేదు, నా మొహానికి నిలబడతాయా?" అనేది.

ఆవిడ పేరు వీధి దాటింది. వంటగది బాగు చేయించుకోవాలి, ఎక్కువ ఖర్చు పెట్టలేం అనుకున్న ఆడవాళ్లు ముందు మా పెద్దమ్మ దగ్గరికి వచ్చేవారు. ఆవిడ వెళ్లి రంగులూ డిజైన్లూ అడగదు. ఆ ఇంటావిణ్ణి గోడ పక్కకి పిలిచి, "ముందు నువ్వు నిలబడమ్మా" అంటుంది. మోచెయ్యి చూస్తుంది. పక్కింటి టీచరుగారి గట్టు కూడా పొట్టిదే. మేస్త్రీని పిలిపించి, పై రాయి పగలకుండా లేపించి, కింద రెండు వరసల ఇటుక పెట్టించి, అదే రాయి మళ్లీ పరిపించింది. కొత్త రాయి కొనలేదు, పాత గట్టు పగలగొట్టలేదు. టీచరుగారు సాయంత్రానికల్లా నిటారుగా నిలబడి పెసరట్లు వేసి మా ఇంటికి పంపారు. పెద్దమ్మ వాటిని వేడి చెయ్యడానికి మా గట్టు దగ్గర వంగింది.

అడగలేదా అంటే, అడిగింది. నేనున్న నాలుగేళ్లూ విన్నాను. పెదనాన్న చెడ్డమనిషి కాదు. పేపరు చదువుకునే మనిషి.

"ఏవండీ, మేస్త్రీ ఖాళీగా ఉన్నాడంట. గట్టు కాస్త ఎత్తించుకుందావండీ. టీచరుగారింట్లో చూశారుగా."

"అమ్మ నిలబడి కొలతిచ్చిన గట్టే అది. దాన్ని కదపడం ఏంటి?"

"అత్తయ్యగారంటే నాకూ గౌరవమేనండి. నడుము నాది కదా."

"చూద్దాంలే. ఈ సార్వా అవనీ."

సార్వా అయ్యేది. అప్పుడు దాళ్వా అవనీ అనేవారు. ఏడాదికి రెండు పంటలు పండే నేల కాబట్టి ఏడాదికి రెండు హామీలు పండేవి. వాన చెడగొట్టిన ఏడు కూడా ఆ పంట మాత్రం పోలేదు.

ఒకసారి ఆవిడ ఊరుకోలేక, స్టవ్ నాలుగు కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టింది. ఒక పూట హాయిగా వండింది. రెండో పూట ఒక ఇటుక జరిగి, పప్పుగిన్నె ఒరిగి, గట్టంతా పప్పు. పెదనాన్న పేపరు పట్టుకునే గుమ్మందాకా వచ్చి, "ఇల్లు తగలెడతావా ఏంటి?" అని వెళ్లిపోయారు. నేను ఆ ఇటుకలకి వీరమరణం ప్రకటించి, ఒక నిమిషం మౌనం పాటించాను. పెద్దమ్మ పప్పు ఎత్తుతూ నవ్వింది. ఆ నవ్వు నా ప్రతిభకి దక్కిన బహుమతి అనుకున్నాను.

ఆవిడకి ఇంకో అలవాటుండేది. పాలు పొయ్యి మీద పెట్టి, గట్టు మీద రెండు చేతులూ ఆనించి, ముందుకి వంగి, ఎదురుగా ఉన్న ఆ చెక్కబల్ల అంచుకి నుదురు ఆనించి నిలబడేది. పాలు పైకి లేచే క్షణానికి సరిగ్గా చెయ్యి వెళ్లి మంట తగ్గించేది. ఆ వంటగదిలో పాలు పొంగిపోగా నేను ఎప్పుడూ చూడలేదు. "పెద్దమ్మ చెక్కబల్లకి దణ్ణం పెడుతోంది, ఎవరూ మాట్లాడకండి" అని నేను అరిచేవాణ్ణి. ఆవిడ తల ఎత్తకుండానే, "నీకు మంచి బుద్ధి ఇమ్మని అడుగుతున్నాన్రా, వినపడ్డంలేదు దానికి" అనేది. నాలుగేళ్లు రోజుకి రెండుసార్లు చూశాను. వంగి వంగి నడుము పట్టేసిన మనిషి, తల బరువైనా కాసేపు ఎక్కడో దింపుకుంటోందని ఒక్కసారి కూడా తట్టలేదు. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది.

పోయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. టీచరుగారింటి నుంచి కాఫీలు వచ్చాయి. టీచరుగారు ఫ్లాస్కు కింద పెట్టి, నాతో మాత్రమే, "మా గట్టు దగ్గర నిలబడి పెట్టాను బాబూ. అంతకన్నా ఏం చెప్పను" అని వెళ్లిపోయారు. పెద్దకర్మ దాకా వంటలన్నీ పెరట్లో పందిరి కింద, వంటవాళ్లే చేశారు. ఆ తర్వాత చుట్టాలు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. నేనూ వెళ్లిపోయాను. పెదనాన్న కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకుంటూ, అన్నం, కాఫీ తనే చూసుకోవడం మొదలుపెట్టారు.

నేను వచ్చేసిన అయిదో రోజు ఫోన్ చేశారు.

"ఏరా, ఈ గట్టు మరీ ఇంత కింద ఉందేంట్రా? నాలుగు రోజులకే నా నడుము పట్టేసింది."

"అది మామ్మగారి కొలత పెదనాన్నా."

"అమ్మ పొట్టి మనిషి కదరా. ఆవిడకి సరిపోయింది. మనకెలా సరిపోద్ది?"

ఆ 'మన'లో ఎవరెవరున్నారో నేను అడగలేదు.

"మేస్త్రీతో మాట్లాడాను. శనివారం వస్తానన్నాడు. నువ్వూ వచ్చెయ్యి, దగ్గరుండి చూద్దువు."

ఏడాది తిరక్కుండా ఇంట్లో పని పెట్టకూడదని చెప్పే పెద్దలు మా వైపు చాలామంది ఉన్నారు. నడుంనొప్పి అనేసరికి అందరూ మినహాయింపు ఇచ్చేశారు. మగవాడికి నడుంనొప్పి వస్తే శాస్త్రం కూడా వంగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

మేస్త్రీ వచ్చి గట్టు చూసి, రాయి మీద అరచెయ్యి వేశాడు. "అమ్మగారు నాతో మూడిళ్లల్లో గట్లు ఎత్తించారండి. మరి మీ ఇంట్లోనో అమ్మా అంటే, 'మీ అయ్యగారు ఊ అననీ మేస్త్రీ' అనేవారు. ఆయ్" అన్నాడు. పెదనాన్న కిటికీలోంచి బయటకి చూశారు. మేస్త్రీ మేకు తీసి, "కొలత ఎవరిదండి?" అన్నాడు.

పెదనాన్న వెళ్లి గోడ పక్కన నిటారుగా నిలబడ్డారు. మోచెయ్యి మడిచారు. మేస్త్రీ గీత గీశాడు. నా చేతిలో కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

రాయి పగలలేదు. లేపి పక్కన పెట్టారు. రెండు వరసల ఇటుక పెట్టారు. అదే రాయి మళ్లీ పరిచారు. మామ్మగారి గట్టుకి ఏ అవమానమూ జరగలేదు. సిమెంటు ఆరడానికి పట్టిన టైము తీసేస్తే, మొత్తం పని ఒక్క పూట.

సోమవారం పొద్దున్న స్టవ్ ఎక్కించి, కాఫీకని పాలు పెట్టాం. పెదనాన్న కొత్త ఎత్తులో చేతులు ఆనించి చూసుకుని, "ఇప్పుడు బాగుందిరా" అన్నారు. తల తిప్పితే చెక్కబల్ల ఆయన ఛాతీ దగ్గరుంది. గట్టు లేచింది కాబట్టి దాన్నీ పైకి జరపాలని మేస్త్రీ చెప్పి వెళ్లాడు. దాని అంచున, సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. పెద్దమ్మ ఎన్నిసార్లు రంగు వేసినా ఆ మేరకి మళ్లీ అరిగి, చెమటా కుంకుమా కలిసి చెక్కలోకి దిగిపోయింది.

"ఇక్కడ, ఇంత కింద, బొట్టు ఎవరు పెట్టార్రా?" అన్నారు పెదనాన్న.

నేను ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. ఈసారి, "పెద్దమ్మది పెదనాన్నా. పాలు కాగేదాకా నుదురు అక్కడే ఆనించేది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని, మరక చూడ్డానికి వంగారు. కనపడక ఇంకాస్త వంగారు. గట్టు మీద రెండు చేతులూ ఆన్చి, మెడ ముందుకి చాచి, నుదురు ఆ అంచు దగ్గరికి వచ్చేదాకా వంగి, అక్కడే ఆగిపోయారు.

నాకు తెలిసి ఆ వంటగదిలో మొదటిసారి పాలు పొంగి గట్టంతా పారాయి. ఆయన తల ఎత్తలేదు.