గుడ్డ చుట్టిన గరిటె

అరబ్బు దేశంలో, అర్దియాలో నేను పనిచేసే ఇంట్లో నాదీ, నాతో పనిచేసే వేరే దేశపు పిల్లదీ ఒకే గది. ఆమెది సైన్యం పాలిస్తున్న దేశం. ఓటు హక్కు తిరిగి కావాలని అక్కడి జనం రోజూ సాయంత్రం గిన్నెలు మోగిస్తారట. ఆమె ఇక్కడ గరిటెకు గుడ్డ చుట్టి నా స్టీలు పళ్లెం కొట్టేది. తనవాళ్లకు పంపే ఆ వీడియో నేనే తీసేదాన్ని, చేతులే పడేలా, ముఖం పడకుండా.

“మెల్లగా కొట్టు పాపా. మామా వినిందంటే నీ ఇఖామా ఖలాస్, ఇక ఈ దేశంలో ఉండనియ్యరు,” అనేదాన్ని. ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం.

“అప్పుడు నన్ను పంపేది ఇంటికి కాదవ్వా, మా దేశం జైలుకే,” అని నవ్వేది.

పళ్లెం అంచున నా పేరు, పెళ్లి తేదీ చెక్కించి ఉన్నాయి. అవి వీడియోలో పడకుండా ఆ అంచును ఆమె ఒడివైపు తిప్పించేదాన్ని.

రంజాన్ అయిన మరుసటి వారం ఆమెకు వేరే దేశంలో ఆశ్రయం దొరికింది. వెళ్తుంటే పళ్లెం ఇచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం వీడియో పంపింది. ఆ కొత్త దేశంలో నడివీధిలో, తనవాళ్ల మధ్య, ముఖం దాచుకోకుండా నా పళ్లెం కొడుతోంది. గరిటెకు గుడ్డ లేదు. అంచున నా పేరు, తేదీ స్పష్టంగా కనిపించాయి.

పైన మామా పడుకుని ఉంది. మా గదిలో ఆ పిల్ల ఖాళీ మంచం మీద కూర్చుని, ఫోను శబ్దం పూర్తిగా తగ్గించి చూశాను.