సీతమ్మను అడగడానికి ఎవరొస్తారు

మా ముత్తాత ఈ ఊరి మునసబు. కాలువ నీళ్ళు ముందు ఎవరి చేలోకి తిరగాలన్న తగాదా లాకుల దగ్గర మొదలై మా అరుగు మీద తెగేది. మా తాత పంచాయతీ సమితి అధ్యక్షుడిగా చేశాడు. హైస్కూలుకు స్థలం, రామాలయానికి మాన్యం ఇచ్చింది ఆయనే. మా నాన్న ఏ పదవీ చేయలేదు. అయినా ఆయన వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు సైకిలు దిగి నిలబడేవారు. ఆయనకు నేను ఒక్కతే సంతానం. ఇప్పుడు నన్ను చూసి ఎవరూ బండి దిగరు. దిగాలని నేను కోరను, కానీ దిగని సంగతి గమనిస్తాను.

పొలాలూ తోటలూ ఒక్కొక్కటే చేజారాక మా ఇంటికి మిగిలిన మర్యాద ఒక్కటే. రామాలయానికి ఉత్సవ విగ్రహాలు చేయించినప్పుడు తాత ఒక ఏర్పాటు చేశాడు. రాముడూ లక్ష్మణుడూ గుళ్ళోనే ఉంటారు. సీతమ్మ మాత్రం ఉగాదినాడు మా ఇంటికి వస్తుంది. శ్రీరామనవమి దాకా మా ఇల్లు ఆమెకు పుట్టిల్లు. నవమినాడు మగపెళ్ళివారు, అంటే ఊరంతా, మేళంతో మా గుమ్మంలోకి వచ్చి పిల్లను అడగాలి. మొదటిసారి అడిగినప్పుడు మేం 'ఇవ్వం' అనాలి. రెండోసారి అడిగితే ఇవ్వాలి. ఆ మొదటి మాట అనడంలో మా నాన్న ఆరితేరినవాడు. "మీ కుర్రాడు అడవులు పట్టుకు తిరిగే రకమంటగదయ్యా, మా పిల్లనెలా ఇస్తాం?" అనేవాడు. వీధంతా నవ్వేది. ఆ తరువాతే పానకం బిందె బయటికి వచ్చేది.

నాన్న పోయిన ఏడు మాకు పండగ లేదు కనుక సీతమ్మ గుళ్ళోనే ఉండిపోయింది. నేను చెప్పేది ఆ తరువాతి నవమి గురించి. ఒక్క ఏడు రాకపోతే ఊరికి దారి మరిచిపోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

ఉగాదినాడు పూజారిగారు సీతమ్మను పట్టుగుడ్డలో చుట్టి, స్కూటీ మీద ముందు పెట్టుకుని తెచ్చారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి అయిదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ బడి మీద ధ్యాస లేదు. పెద్దది రోజూ పొద్దున్నే అమ్మవారికి చీర మార్చేది. నా పాత పట్టు జాకెట్టు చేతులు కత్తిరించి ఆ చీరలు కుట్టింది. చిన్నది తను తినే ప్రతిదీ ముందు అమ్మవారికి చూపించి తినేది. ఒకరోజు పాలలో నానిన బిస్కెట్టు విగ్రహం వెనక దాచింది. తెల్లారేసరికి పూజగదంతా చీమలు. "సీతమ్మకి రాత్రి ఆకలేస్తే ఎవరు లేస్తారమ్మా?" అంది.

ఒక్క విషయంలో ఇద్దరికీ పడేది కాదు. పెద్దది ఆడపెళ్ళివారి మనిషి. చిన్నది మాత్రం తను మగపెళ్ళివారి మనిషినని మొదటిరోజే చెప్పేసింది. పానకం ముందు మగపెళ్ళివారికే పోస్తారని ఎవరో చెప్పారట.

"మనింట్లో ఉండి వాళ్ళ వైపేంటే?" అని పెద్దది.

"రాముడికి ఇక్కడెవరూ లేరు కదా," అని చిన్నది.

నవమికి ముందురోజు సాయంత్రం కల్యాణం కమిటీ పెద్ద మా ఇంటికి వచ్చాడు. ఆయనకు అంబాజీపేటలో కొబ్బరి కొట్టు ఉంది, లారీలు ఉన్నాయి. ఆయన తండ్రి ఒకప్పుడు మా తోటల్లో నిలబడి కొబ్బరికాయల దింపు తీయించేవాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా అరుగు అంచున కూర్చున్నాడు. మర్యాదలో ఆయనకు వంక పెట్టలేం.

"అమ్మాయిగారండీ, ఎండలు చూస్తున్నారు కదండీ. మేళం ఈ చివరిదాకా వచ్చి మళ్ళీ పందిట్లోకి వెళ్ళేసరికి ముసలోళ్ళు పడిపోతారండీ. పొద్దున్నే ఆటో పంపుతానండీ, పూలు కట్టించే పంపుతాను. అమ్మవారిని ఎక్కించుకుని మీరూ పిల్లలూ చల్లగా వచ్చేయండి."

"ఆడపిల్లని ఆటో ఎక్కించి పంపే ఆచారం మా ఇంట్లో లేదండీ."

"వచ్చేప్పుడు స్కూటీ మీదే వచ్చేరు కదండీ అమ్మవారు!"

"పుట్టింటికి ఆడపిల్ల ఎలా వచ్చినా తప్పులేదండీ. తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం గుమ్మంలోకి వచ్చి అడగాలి."

"మరి నేను అడుగుతున్నాను కదండీ?"

"మేళం ఏదండీ?"

"పంపనంటారా?"

"పంపనండీ."

ఆయన పకపకా నవ్వాడు. "ఆయ్! అచ్చం నాన్నగారేనండీ బాబూ. మొదటిసారి ఇవ్వనంటారు, తెలుసు కదండీ మాకు. రేపు ఆటో వస్తాదండీ," అని దణ్ణం పెట్టి లేచాడు.

నేను నిజంగా అన్న మాటను ఆయన పెళ్ళి వేళాకోళం కింద జమకట్టాడు. గేటు దాకా వెళ్ళి, కాదండీ, ఇది ఆ మాట కాదు అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మగపెళ్ళివారి వెనక గేటు దాకా పరిగెత్తే ఆచారం కూడా మా ఇంట్లో లేదు.

పొద్దున్నే పిల్లలకు తలంట్లు పోశాను. తలంబ్రాల బియ్యానికి పెద్దది పసుపూ నెయ్యీ రాసింది. పానకంలో మిరియాలు ఎక్కువ పడ్డాయని చిన్నది మూతి ముడిచింది. పెసరపప్పు నానింది. పిల్లనిచ్చేదాకా ఆడపెళ్ళివారు ఏమీ తినకూడదు. పిల్లలకు ఆ నియమం లేదన్నా పెద్దది వినలేదు. నీళ్ళు కూడా ముట్టకుండా సీతమ్మకు బుగ్గచుక్క పెట్టి, బాసికం కట్టి, గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టింది.

బంతిపూల దండలతో ఆటో వచ్చింది. నేను మెట్ల మీద నిలబడి, "మేళం లేకుండా అమ్మవారు రారని చెప్పు బాబూ," అన్నాను. ఆటో అతను నన్నూ లోపలి పీటనూ చూసి, కట్టిన పూలు కట్టినట్టే ఉంచుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన అమలాపురంలో కాలేజీ లెక్చరరు. మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. నన్ను ఎదిరించడు గానీ అన్న మాట మానడు.

"నేను ఇల్లరికం వచ్చింది ఇంటికోయ్, పంతానికి కాదు. పోనీ అమ్మవారిని నన్ను ఎత్తుకెళ్ళమంటావా? అల్లుణ్ణి, నాకు పరువుతో పనిలేదు."

"మీరు కదిలితే నేను కదిలినట్టే."

"వాళ్ళు రాకపోతే?"

"వస్తారు."

ఎండ ఎక్కుతోంది. పందిరి మా ఇంటికి దూరం, కానీ మైకు చెవిలో మోగినట్టే ఉంటుంది. సన్నాయి కాసేపు వాయించి ఆపేశారు. తరువాత మైకులో కమిటీ పెద్ద గొంతు వినిపించింది. "ఆడపెళ్ళివారికి మనవి. లగ్నం దగ్గర పడుతుందండీ. అమ్మాయిగారు దయచేసి అమ్మవారిని తీసుకురావలసిందిగా కోరుతున్నాం." కాసేపాగి మళ్ళీ అదే మాట. మూడోసారికి 'దయచేసి' ఎగిరిపోయింది. మా ఇంటి సంగతి ఊరందరికీ మైకులో చెప్పడం మా ముత్తాత నాటి నుంచి అదే మొదలు. మా ఆయన లేచి కిటికీ తలుపు మూశాడు. నేను తెరిపించాను.

పూజారిగారు ఫోను చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు.

"అమ్మా, అభిజిత్ లగ్నం దాటిపోతే కష్టమమ్మా. సీతమ్మవారి పటం పెట్టి చేసెయ్యమంటున్నారు. పటం తెచ్చేసేరు కూడానమ్మా. నేను సంకల్పం సాగదీస్తున్నాను. ఎంతసేపని సాగదీస్తాను?"

"మేళం పంపమనండి."

"ఎండకి కదలం అంటున్నారమ్మా వాళ్ళు. పెద్దాయనేమో, ఆవిడే వస్తారు, ఆటలాడుతున్నారు అంటున్నారు."

ఫోను స్పీకరులో లేదు, అయినా పెద్దది మొత్తం విన్నది. పీట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తాటాకు విసనకర్రతో అమ్మవారికి విసురుతోంది. చెయ్యి ఆగింది.

"అమ్మా, పటంతో రాముడికి పెళ్ళయిపోతే మన సీతమ్మ ఎవరు?"

పెళ్ళి పటంతో అయిపోతే ఆ ఒక్కరోజుతో పోయేది కాదు. వచ్చే ఏడు ఉగాదికి స్కూటీ రాదు, పుట్టిల్లన్న మాట ఉండదు, మా గుమ్మం మిగతా గుమ్మాల్లో ఒకటి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఉన్నచోట నుంచి లేవలేకపోయాను.

"విసురు. చెమట పడుతుంది అమ్మవారికి," అన్నాను.

అప్పుడు చూస్తే చిన్నది లేదు. వంటింట్లో లేదు, పెరట్లో లేదు. మా ఆయన నూతి దగ్గరకు పరిగెత్తాడు. నేను వీధి వైపు పేరు పెట్టి పిలిచాను. కాలువ గుర్తొచ్చింది. మెట్లు దిగి గేటు దాకా వచ్చేశాను.

వీధి మలుపులోంచి కంచం మోగిన చప్పుడు వచ్చింది. తరువాత ప్లాస్టిక్ బూర. మలుపు తిరిగి మా చిన్నది, వెనక పక్కిళ్ళ పిల్లలు నలుగురో అయిదుగురో. చిన్నది స్టీలు కంచాన్ని గరిటెతో కొడుతోంది. ఒక పిల్ల నల్ల గొడుగు పైకెత్తి పట్టుకుంది. గొడుగు కింద ఎవరూ లేరు. రాముడు పందిట్లో ఉన్నాడు కనుక ఆ చోటు ఖాళీగా ఉంచి, పిల్లలు దానికి రెండు పక్కలా నడుస్తున్నారు.

నేను గబగబా వెనక్కి వచ్చి మెట్లెక్కాను. ఎందుకో నాకే తెలియదు. ఆడపెళ్ళివారు గేటులో ఉండకూడదని కావచ్చు.

మెట్ల కింద ఆగి, చిన్నది కంచం చంకలో పెట్టుకుంది.

"ఏవండీ! మా రాముడికి మీ పిల్లనిస్తారా అండీ?"

పెద్దది లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ ద్వారబంధానికి రెండు పక్కలా ఆనించింది.

"ఇవ్వం."

పిల్లలు కిలకిల నవ్వారు. చిన్నది కూడా నవ్వింది. మొదటిసారి అంతే కదా.

"మా రాముడు మంచోడండీ. బువ్వంతా తింటాడు, పారబొయ్యడు. ఇస్తారా అండీ?"

"ఇవ్వం."

"అక్కా! రెండోసారి ఇవ్వాలి!"

"ఆటో పంపినవాళ్ళకి ఇవ్వం. మేళమేదీ?"

"ఇదే మేళం!" అని చిన్నది కంచం మీద ఒక్కటి వేసింది.

"కంచం మేళమేంటే, సిగ్గులేదూ?"

చిన్నదాని మొహం మారిపోయింది. "నేను పందిట్లోంచే వచ్చేను. అక్కడ్నించీ వాయించుకుంటానే వచ్చేను. రండి, రండి అని అందరినీ పిలిచేను. ఇంకెవరూ రామన్నారే," అని గుక్కపట్టింది.

గొడుగు పిల్ల తల దించుకుంది. పెద్దది కదల్లేదు. గడ్డం ఎత్తి, మోచేతులు బిగించి, ఎదురుగా ఏడుస్తున్న చెల్లెలిని చూడకుండా ఆమె తల మీదుగా వీధి చివరకు చూస్తోంది. మైకులో పూజారిగారి సంకల్పం వినిపిస్తోంది. గోత్రాలు చదువుతున్నారు.

"అడిగేరు కదా, ఇస్తున్నాం," అన్నాను.

పెద్దది తల తిప్పింది. "అమ్మా! నువ్వే కదా..."

"నేనే. చెయ్యి తియ్యి. పానకం బిందె తీసుకురా. మగపెళ్ళివారు ఎండలో నిలబడ్డారు."

వెంటనే తీయలేదు. తీసినప్పుడు కూడా నా వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి బిందె తెచ్చి, ఒక్కొక్కరికీ గ్లాసులో పోసి ఇచ్చింది. ముందు చిన్నదానికే ఇచ్చింది, ఆచారం కదా. చిన్నది ఎక్కిళ్ళ మధ్యలోనే తాగి, మిరియాల ఘాటుకు దగ్గింది. నేను సీతమ్మను ఎత్తుకుని మెట్లు దిగాను. పిల్లలు గొడుగు అమ్మవారి మీదకు జరిపారు. మా ఆయన తలంబ్రాల పళ్ళెం పట్టుకుని వెనక నడిచాడు. కంచం, గరిటె, బూర. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కొందరు లేచారు, కొందరు ఫోను తీసి వీడియో పట్టారు. నేను ఎవరినీ చూడలేదు.

మేం పందిట్లోకి వెళ్ళేసరికి రాముడి పక్కన పటం పెట్టేశారు. పూజారిగారు పటానికి బాసికం కట్టబోతూ మమ్మల్ని చూసి, చేతిలో దారం అలాగే ఉంచి, పటాన్ని తీసి స్తంభానికి ఆనించారు. లగ్నం ఇంకా ఉందమ్మా, ఉంది, అన్నారు. ఉందో లేదో నేను అడగలేదు.

కమిటీ పెద్ద మైకు దగ్గర నుంచి గబగబా వచ్చాడు. "చూసేరా అండీ! నేను చెప్పలేదూ? ఆయ్, నాన్నగారి పోలికేనండీ. కాసేపు ఏడిపించి గానీ ఇవ్వరు!" అని చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. నేను ఆ మాటను అలాగే ఉండనిచ్చాను.

"మేళం రాలేదు కదండీ?" అన్నాడు, కొంచెం బెరుగ్గా.

"వచ్చిందండీ," అన్నాను.

కల్యాణం జరిగింది. నేనూ మా ఆయనా పీటల మీద కూర్చుని రాముడి కాళ్ళు కడిగాం. చిన్నది మగపెళ్ళివారి వైపు, కమిటీ పెద్ద ఒళ్ళో కూర్చుని తలంబ్రాలు చల్లింది. పెద్దది నా పక్కనే కూర్చుంది. పిల్లనిచ్చేశాం కదా, ఇక తినవచ్చన్నా వడపప్పు ముట్టలేదు. పందిట్లో ఎవరో పానకం గ్లాసు ఇస్తే వద్దండీ అంది. దాని గుప్పిట్లో తలంబ్రాలు ఇంటికి వచ్చేదాకా అలాగే ఉన్నాయి. సాయంత్రం నేను జడ విప్పుతుంటే మాత్రం అడిగింది.

"వచ్చే ఏడు సీతమ్మ వస్తుందా?"

"పూజారిగారిని అడగాలి."

"వాళ్ళొచ్చి మనల్ని అడగాలి కదా?"

నేను దువ్వెన అందుకున్నాను.

ఆ జ్యేష్ఠంలో వీధివైపు సావిడీ, అరుగులూ, గుమ్మమూ మలికిపురం వైపు నుంచి వచ్చినవాళ్ళకు అమ్మేశాం. పెరటివైపు రెండు గదులూ వంటిల్లూ ఉంచుకున్నాం.