అత్తన్న అన్న దయ్యం

జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఒకామె వచ్చి నా పక్కన కూర్చుని, ఒళ్ళో తడిగుడ్డ మూట పెట్టుకుంది. మూట విప్పకుండానే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది. నానబెట్టిన తునికాకు. కొంచెం మట్టి, కొంచెం చేదు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, బీడీలు చేసే ఇళ్ళ మధ్య పెరిగినవాళ్ళకు చాట ముందేసుకుని గోడకు ఆనుకుని కూర్చోవాలనిపిస్తుంది. నాకైతే ఆ వాసనతో పాటు ఒక దయ్యం కూడా గుర్తొస్తుంది. అమ్మకు ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను గానీ, బస్సు ఇంకా కదల్లేదు. కదలనీ అని ఊరుకున్నాను.

ఆ దయ్యాన్ని నాకు పరిచయం చేసింది భూలక్ష్మత్త. కోరుట్లలో మా ఎదురిల్లు ఆమెది. మాకు చుట్టమేమీ కాదు, కానీ వాడకట్టు పిల్లలందరికీ ఆమె అత్తే. పొడుగు మనిషి, పెద్ద గొంతు. ఆమె నవ్విందంటే వీధి చివర కుక్క లేచి చూసేది. పొద్దున ఇంటి పని ముగించి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంటే సాయంత్రం దాకా బీడీలు చుడుతూనే ఉండేది. చేతులు ఒక పని చేస్తుంటే నోరు ఖాళీగా ఉండడం ఆమెకు నచ్చేది కాదు. ఆమె భర్త మల్లయ్య మామ సౌదీలో ఉండేవాడు. నాకు ఊహ తెలిశాక ఒక్కసారే సెలవు మీద వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక టీవీ, డిస్కులు ఆడించే డబ్బా తెచ్చాడు. వాటితో పాటు, గదిలో ఉండే స్నేహితుడెవరో ఖాళీ చేసి పోతూ ఇచ్చాడని అట్ట లేని డిస్కు ఒకటి తెచ్చాడు. అందులో పాటలున్నాయని మామ అనుకున్నాడట. మామ తిరిగి వెళ్ళిపోయాక అత్త దాన్ని పెట్టి చూస్తే, తడి జుట్టు మొహం మీద పడ్డ ఒక ఆడమనిషి చీకట్లోంచి నడిచి వచ్చింది.

అది జపాను దయ్యం సినిమా అని మాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. మాటలు ఒక భాష, కింద కదిలే అక్షరాలు ఇంకో భాష. ఆ అక్షరాలు అరబ్బీవి. మధ్యాహ్నం పూట అత్త ఇంట్లో బీడీలు చేసేవాళ్ళంతా చేరేవాళ్ళు. కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేసేవాళ్ళు. మూలింటి షాహీన్ చిన్నమ్మకు ఆ లిపి వచ్చు కాబట్టి ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

"ఏమని రాసున్నదే?" అని అడిగింది అత్త.

"అచ్చరాలైతే అత్తయ్ అక్కా. అర్థమే రాదు," అంది షాహీన్ చిన్నమ్మ.

"అయితే నువ్వూకో. నేను చెప్త," అంది అత్త.

ఇక అప్పటి నుంచి ఆ సినిమా మా అత్తది. సముద్రం పక్కన ఒక పాత ఇల్లు, అందులోకి కొత్తగా దిగిన భార్యాభర్తలు, వాళ్ళ చిన్నపిల్ల. ఎవరూ లేనప్పుడు నేల మీద తడి అడుగులు పడతాయి. వంటింట్లో పొయ్యి దానంతటదే వెలుగుతుంది. అత్త ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు ఇచ్చేది. జపాను మొగుడు మా కోరుట్ల మొగుళ్ళలాగే "ఓ పిల్లా, గా తలుపు పెట్టినవా లేదా?" అని విసుక్కునేవాడు. చిన్నపిల్ల అచ్చం నాలాగే నసిగేది. అత్త ఆకు మడత మీద నుంచి చూపు తీయకుండానే ఇదంతా నడిపించేది. దయ్యం కనబడ్డప్పుడు మాత్రం చేతులు ఆపి తలెత్తి చూసేది. సినిమా మొత్తంలో ఆ దయ్యం ఒక్క మాటే అంటుంది. గుమ్మం దగ్గర నిలబడి, ఊపిరి ఆడనట్టుగా, ఆపకుండా ఆ మాటే అంటుంది.

"ఇన్నరా? అత్తన్న అంటంది," అంది అత్త మొదటిసారి.

వస్తున్నానని చెప్పడానికి మా వైపు అత్తన్న అంటాం. ఆమె చెప్పాక ఇక మాకెవరికీ వేరే మాట వినబడలేదు. అత్తన్న, అత్తన్న, అత్తన్న. నాకు మాత్రం నోరు ఊరుకోలేదు.

"జపాను దయ్యానికి మన మాట ఎట్ల తెలుసత్తా?"

"సచ్చినంక అందరిది ఒకటే బాస బిడ్డా. నువ్వు మూసుకొని సూడు."

అప్పట్లో ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. శుక్రవారం మామకు సెలవు కాబట్టి ఆ రోజు ఫోన్ వచ్చేది. నేను వీధిలోకి పరుగెత్తి అత్తను పిలిచేదాన్ని. మామ గొంతు ఎంత పెద్దదంటే పక్క గదిలోకి కూడా వినబడేది. ఏం మాట్లాడినా చివరకు అదే మాట. బతుకమ్మ పండుగకు అత్తన్న, సెలవు దొరికినంక అత్తన్న. అత్త ఫోన్ పెట్టేసి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, ఎవరో తనను పొగిడినట్టు నవ్వుకుంటూ వెళ్ళేది. ఆ శుక్రవారాల్లో చూసిన దయ్యం ఎంత మంచిదో చెప్పలేను. అత్త కథలో ఆమె సముద్రంలో మునిగిపోయింది గానీ తాను చనిపోయానని ఆమెకు తెలియదు. ఇంటికి వస్తోంది. వచ్చి పొయ్యి ముట్టిస్తుంది, బియ్యం కడుగుతుంది. ఇంట్లో వాళ్ళే తెలివి తక్కువ వాళ్ళు, ఊరికే భయపడుతున్నారు.

తరువాత ఫోన్లు తగ్గాయి. కథలాపూర్ నుంచి ఒకతను సౌదీలో మామతో కలిసి పనిచేసి తిరిగొచ్చాడు. మామ కంపెనీ వదిలిపెట్టి ఖల్లివెల్లి అయ్యాడని చెప్పాడు. కాగితాలు లేకుండా, దొరికితే జైలన్న భయంతో దొంగచాటుగా పనిచేసే వాళ్ళను గల్ఫ్ వెళ్ళినవాళ్ళు అలా అంటారు. కొన్నాళ్ళకు మళ్ళీ అందరం కూర్చుని సినిమా చూస్తుంటే, దయ్యం ఎప్పటిలాగే గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. నిజానికి ఆ సినిమాలో ఆమె ఎప్పుడూ గడప దాటి లోపలికి వస్తున్నట్టు చూపించరు. అది అంతకు ముందు మేమెవరం పట్టించుకోలేదు.

"లోపటికి ఎందుకత్తలేదత్తా?" అని అడిగాను.

"ఎట్లత్తది బిడ్డా? కాయిదాలు లేవు కావచ్చు," అంది అత్త.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు గానీ, అదే సినిమా ఇంకో సినిమాగా మారిందని మాత్రం తెలిసింది. ఫోన్లు పూర్తిగా ఆగిపోయాక దయ్యం కథ మరీ చిన్నదైపోయింది. అత్త మిగతా వాళ్ళ మాటలు చెప్పడం మానేసింది. ఒక మధ్యాహ్నం డిస్కు గీతలు పడి సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే ఇరుక్కుపోయింది. తెర మీద ఆమె కదలకుండా అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. నేను లేచి తీయబోతే, "ఉండనియ్," అంది అత్త. ఆ మాట వింటూనే ఆకులన్నీ అయిపోయేదాకా బీడీలు చుట్టింది.

ఆ తరువాత ఆమె ఇల్లు ఖాళీ చేసి సిరిసిల్లలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. నేను హైదరాబాదులో చదువుకున్నాను, పెళ్ళయ్యాక జగిత్యాలలో స్థిరపడ్డాను. పరాయి భాషల సినిమాలకు కింద తెలుగు మాటలు రాయడం నా పని. ఈ పనిలోకి ఎలా వచ్చావని అడిగితే ఏవేవో చెబుతుంటాను గానీ, అసలు సంగతి అత్త ఇంటి దుప్పటి కట్టిన కిటికీ. తెలియని భాషలో మనిషి మాట్లాడుతుంటే ముందు గొంతు వినాలని, దయ్యమైనా సరే ఆమెకు ఏం కావాలో అడగాలని నాకు ఇంకెవరూ నేర్పలేదు.

ఆ దయ్యం సినిమాను తెలుగులో తీశారని ప్రకటన చూసిన రోజు నా సంతోషం అంతా ఇంతా కాదు. సముద్రం పక్కన ఇల్లు, తడి అడుగులు, అంతా అదే. వెంటనే సిరిసిల్లకు ఫోన్ చేశాను.

"అత్తా, మన దయ్యం సినిమా తెలుగుల తీసిండ్రు. రేపు ఇద్దరం పోదాం. అత్తన్న."

అవతల మరమగ్గాల చప్పుడు వినబడుతోంది.

"అత్తన్న అనకు బిడ్డా," అంది అత్త. కోపంగా కాదు, మందు వద్దన్నట్టు నెమ్మదిగా అంది. "బస్సెక్కినంక చెయ్. ఎక్కకముందు గా మాట నాకద్దు."

మరునాడు బస్సెక్కాకే చేశాను. నేను వెళ్ళేసరికి మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. జుట్టు సగం తెల్లబడింది, గొంతు మాత్రం అదే. సినిమా హాల్లో దయ్యం రాగానే అందరూ ఈలలు వేశారు. తెలుగు దయ్యానికి పెద్ద కథ ఉంది. ఆమెను ఎవరో మోసం చేసి చంపారు. అందుకని ఒక్కొక్కరినీ పట్టి పీడిస్తుంది. మధ్యలో ఒక మంత్రగాడు, ఇద్దరు భయపడే హాస్యగాళ్ళు, కొండల్లో ఒక పాట. గడప దగ్గర ఆగే ఓపిక ఈమెకు లేదు, పైకప్పు పగలగొట్టుకుని దిగింది. దిగి "వదలను!" అని అరిచింది. ఇంటర్వెల్‌లో సమోసా చేతిలో పట్టుకుని అత్త నన్ను అడిగింది.

"గీమె ఎవలు?"

"మన దయ్యమే అత్తా."

"కాదు పో. గీమెకు కోపం తప్ప ఇంకో పని లేదు. మనామె పొయ్యి ముట్టియ్యకపోవునా, బియ్యం కడుగకపోవునా?"

చివరిదాకా చూసి బయటకు వచ్చాక, రోడ్డు దాటకుండా నిలబడిపోయింది.

"మరి గా మాట ఏది? అత్తన్న అంటుండె గదా. తీసేసిండ్రా?"

"తీసేసిండ్రత్తా."

"గది తీసేసినంక ఇగ ఏమున్నది సినిమాల," అని నా చేయి పట్టుకుని రోడ్డు దాటింది. తెలుగు దర్శకుడి మీద నాకు అప్పుడు వచ్చినంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు. బస్సెక్కేటప్పుడు "పోయత్త" అన్నాను, పోయి వస్తానని. "పో బిడ్డా, దిగినంక చెయ్," అంది. ఆ చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో ఉండగానే పోయింది. సిరిసిల్ల వెళ్ళి చూశాను. కాలి మెట్టెలు అలాగే ఉన్నాయి. మామ ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు కాబట్టి, వాటిని తీయమని ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెతో అనలేకపోయారు.

తెలుగు సినిమా బాగా ఆడడంతో జపాను సినిమాకు కూడా గిరాకీ వచ్చింది. తెలుగు మాటలు రాసే పని నాకే కావాలని అడిగి తీసుకున్నాను. కిటికీకి పరదా వేసి మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే కూర్చున్నాను. సినిమా అత్త చెప్పినంత సందడిగా లేదు. మొగుడు విసుక్కోడు, చిన్నపిల్ల నసగదు. దయ్యం ఎవరో, ఎలా చనిపోయిందో కూడా చెప్పరు. తెలుగు సినిమా అన్నీ చెప్పేసింది, జపాను సినిమా ఏమీ చెప్పలేదు, అత్త సినిమా ప్రతిసారీ ఒకటి చెప్పింది. ఈ మూడింటిలో నాకు కావలసింది మాత్రం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

ఆ గుమ్మం సన్నివేశం వచ్చింది. దయ్యం అంటున్న జపాను మాట అనత. ఆపకుండా మళ్ళీ మళ్ళీ అంటుంటే ఒకదాని తోక ఇంకోదాని తలకు తగులుకుని మా చెవులకు అత్తన్న అయింది. దానికి అర్థమేమిటని ఆ భాష తెలిసిన స్నేహితురాలిని అడిగాను. అక్కడ భార్య భర్తను పిలిచే మాటట. మన ఏమండీ లాంటిదట. ఆ సన్నివేశం మళ్ళీ పెట్టి విన్నాను. ఆ దయ్యం వస్తున్నానని చెప్పడం లేదు. గుమ్మంలో నిలబడి భర్తను పిలుస్తోంది. పిలిచే ఆడమనిషి గొంతు విని, అత్త అందులో మామ జవాబు విన్నది. తెర మీద ఉన్నది తానే అయినా ఇన్నేళ్ళూ తనను తాను గుర్తు పట్టలేదు. ఈ సంగతి చెప్పడానికి ఆమె లేదు. ఉంటే చెప్పేదాన్నా అని కూడా ఆలోచించాను. చెప్పేదాన్ని కాదేమో. నాకు ఆమె పక్కన కూర్చోవాలని ఉంది, అంతే. ఆకు వాసనలో, ఆమె తప్పుగా చెబుతుంటే వినాలని ఉంది. పని ప్రకారం ఆ చోటల్లా ఏమండీ అనే రాశాను.

బస్సు కదిలింది. కండక్టర్ ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి ఇచ్చాడు. పక్కనున్నామె మూట సర్దుకుంటూ "ఏడిదాక బిడ్డా?" అని అడిగితే కోరుట్ల అన్నాను. బస్సు ఊరు దాటింది. ఇప్పుడు ఫోన్ తీసి అమ్మకు చేశాను.

"అమ్మా, అత్తన్న," అన్నాను.

బస్సెక్కినవా అని అమ్మ అడగదు. నా నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే ఎక్కినట్టేనని ఆమెకు తెలుసు. "పొయ్యి ముట్టిస్త," అంది.