పందిరికి కట్టిన పొట్టి అరటి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా పందిరి వేసేది మా తాతయ్యే. గుంజలు నాటడం, ఈతమట్టలు కప్పడం, చివరగా వాకిలికి రెండు పక్కలా గెలతో ఉన్న అరటిచెట్లు నిలబెట్టి కట్టడం ఆయన పని. ఆయన ముడి వేసిన చెట్టును పెళ్లి ముగిసి అప్పగింతలయ్యే దాకా ఎవరూ విప్పకూడదు. విప్పితే ఆ పెళ్లికి అరిష్టమని ఊరంతా నమ్మేది. ఆ కట్టడి ఎంత గట్టిదో నాకు ఒక కరువు ఏడు తెలిసింది. ఆ ఏటిని తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

మా ఊరు తాడిపత్రికి పడమరగా, ఎర్రనేలల్లో ఉండేది. వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస. ఊరి మొత్తానికి పచ్చగా కనిపించేది ఒక్క తోటే. ఆ తోట యజమానిని అందరూ తోటాయన అనేవాళ్లు. ఆయన బావికి ఆయిలింజను పెట్టించాడు. అది డుబుడుబుమని మొదలైతే పొద్దు వాలేదాకా ఆగేది కాదు. దాని పక్కనున్న ఊరిబావిలో నీళ్లు నెలనెలా దిగిపోయాయి. ఆడవాళ్లు అడుగున చెంబుతో తోడి కడవలు నింపుకునేవాళ్లు. గట్టుకు ఇవతల నిలబడి అరటిపాదుల్లో పారుతున్న నీళ్లు చూసేవాళ్లు. అది అన్యాయమని ఎవరూ పైకి అనలేదు. తాగడానికి తెల్లవారుజామున కాసేపు నీళ్లు వదిలితే దాన్నే పెద్ద దయగా చెప్పుకున్నారు.

ఆ తోటలో అంతకుముందు సుగంధం అరటి ఉండేది. చెట్టు పొడుగ్గా, సన్నగా పెరుగుతుంది. కాయ చిన్నది, పండు తీపిలో కొంచెం పులుపు. నీళ్లు తక్కువైనా ఓర్చుకుంటుంది. గెల తూకం రాదని తోటాయన వాటినన్నిటినీ దుంపలతో సహా తవ్వించి పారేసి పచ్చ అరటి వేయించాడు. ఆ చెట్టు పొట్టిది, గెల మాత్రం నేలకు తగిలేటంత బరువు. దాహం కూడా అంతే.

తవ్వి పారేసిన దుంపల్లోంచి ఒక పిలకను ఏరి తెచ్చుకున్నది మా పక్కింటి అత్త. వాళ్లు ముస్లింలు. వరస కలిపి నేను అత్తా అనేవాణ్ణి, ఆమె మా తాతయ్యను నాయనా అనేది. ఆమె భర్త తాడిపత్రిలో బండలు కోసే పనికి పోయి, పండక్కీ పబ్బానికీ వచ్చేవాడు. పిలకలు ఏరేటప్పుడు నేను వెడల్పాకులతో నిగనిగలాడేదాన్ని చూపిస్తే ఆమె నవ్వి, కత్తిలా సన్నటి ఆకులున్న బక్కదాన్ని ఎత్తుకుంది. వెడల్పాకుది చూడ్డానికే బాగుంటుందనీ, దాని కింద దుంపలో సత్తువ ఉండదనీ చెప్పింది. ఇంటి వాడకం నీళ్లు పోయే జలదారి పక్కన నాటి, అంట్లు తోమిన నీళ్లు, పిల్లలు స్నానం చేసిన నీళ్లు దానికే పారించింది. కరువులోనే అది గెల వేసింది. రంజాన్ నెల దగ్గరపడుతోంది. ఆ ఏడు మసీదులో ఉపవాసం విడిచే వాళ్లందరి చేతిలో తన చెట్టు పండు పెట్టాలని ఆమె మొక్కుకుంది. రోజూ గెల కింద నిలబడి కాయలు నిండాయో లేదో చూసుకునేది.

అప్పుడే తోటాయన కూతురి పెళ్లి కుదిరింది. ఆయన తాతయ్యను పిలిపించి తాంబూలం ఇచ్చాడు. పందిరికి తాళ్లూ మట్టలూ ఏం కావాలన్నా తోటలోనుంచి తీసుకోమన్నాడు. అరటిచెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, తన పచ్చ అరటి పొట్టిది గనక పందిరికి నప్పదనీ, ఊళ్లో పొడుగు చెట్టు ఒక్కటే గెలతో ఉంది గనక దాన్ని కొట్టుకు రమ్మనీ చెప్పాడు. ఇంకో పక్కకు ఒట్టి చెట్టు అయినా సరేనన్నాడు. ఆమెను అడగమని అనలేదు. పెద్దింటి పెళ్లికి ఊళ్లో చెట్టు కొట్టడం పాత మామూలు.

తోట నిండా గెలలు వేలాడుతుంటే, పోయడానికి కడవెడు నీళ్లు లేని ఇంటి ఒక్కగానొక్క చెట్టు కావాల్సి వచ్చింది ఆయనకు. నిండని గెలను కొడితే అది పండదు. పందిరికి అందంగా ఉండి, పెళ్లయ్యాక మేకల పాలవుతుంది. ఇది నాకు, అంత చిన్నవాడికి కూడా, తెలుసు. తాతయ్య మాత్రం "అట్లేలే అప్పా" అని తాంబూలం కండువాలో మూటగట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ నాకు నమ్మబుద్ధి కాలేదు.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే ఆయన తాడూ పొడుగాటి పుల్లా తీసుకుని అత్త పెరట్లోకి పోయాడు. నేను వెంటపడి సాధించాను. చెట్టు దగ్గర ఆగి ఒకటే మాట అన్నాను.

"నువ్వు తోటాయనకు భయపడినావు తాతా."

"అవునురా, భయమే" అన్నాడాయన. "ఆ పుల్ల ఇట్లా ఇయ్యి."

పుల్లతో తాడు కొస పైకెత్తి, గెల వేలాడే ఎత్తు చూసి తాడుకు ఒక ముడి వేశాడు. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె అరవలేదు, ఏడవలేదు.

"నువ్వు గూడానా నాయనా" అంది.

తాతయ్య ఆమె వైపు చూడలేదు. వాకిట్లో పేర్చిన బండలు నాలుగు రోజులకు కావాలనీ, పెళ్లయ్యాక తెచ్చిస్తాననీ అన్నాడు. అవి ఆమె భర్త ఇంటి ముందు పరవడానికి బండి మీద తోలుకొచ్చిన నాపరాళ్లు.

"చెట్టే పోతాంటే బండలెందుకులే నాకు. తీస్కపో" అని ఆమె లోపలికి పోయింది.

నేను ఆ పూట అన్నం తినలేదు. మంచం కింద దూరి, ఇంట్లో అందరికీ వినబడేలా తాతయ్యను తిట్టాను. తోటాయననూ తిట్టాను, ఊరినీ తిట్టాను. ఆకలి వేసే వేళకు, పెళ్లింటి నుంచి ఎవరో వచ్చి, మీ తాత పందిరి చూసి రాపో అని నవ్వుతూ చెబితే పరుగెత్తాను.

వాకిలికి రెండు పక్కలా నాపరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి చుట్టూ ఎర్రమట్టి మెత్తి, పసుపు రాసి, మామిడాకులు చుట్టారు. ఆ దిమ్మెల మీద తోటాయన తోటలోని పచ్చ అరటిచెట్లు రెండు, గెలలతో, ఠీవిగా నిలబడి ఉన్నాయి. తాతయ్య తాడు పట్టుకుని గెల ఎత్తు చూస్తున్నాడు. పొద్దున వేసిన ముడి సరిగ్గా గెల దగ్గరికి వచ్చింది. అప్పటిగ్గానీ ఆయన ఏం కొలిచాడో నాకు అర్థం కాలేదు. పందిరికి ఏం కావాలన్నా ఇమ్మని యజమానే చెప్పాడు గనక తోట కాపలావాడు అడ్డం చెప్పలేదట. తోటాయన మగపెళ్లివారిని తోడ్కొని రావడానికి తాడిపత్రికి పోయి ఉన్నాడు.

సాయంత్రం వాళ్లు బండ్లు దిగారు. తోటాయన చెట్లను చూసి నిలబడిపోయాడు. ఆయన నోరు తెరిచేలోపే పెళ్లికొడుకు తండ్రి గెలను నిమిరి చూశాడు.

"ఏమప్పా బావా, ఇంత గెల సొంత తోటదేనా?"

తోటాయన "మనదే బావా" అన్నాడు.

తర్వాత ఆయన తాతయ్యను పందిరి పక్కకు పిలిచాడు. నేను గుంజ చాటున ఉన్నాను.

"నేనేం జెప్పినా, నువ్వేం జేసినావు?"

తాతయ్య చేతులు రెండూ కండువాలో దాచుకున్నాడు.

"పెండ్లి నీ ఇంట్లో జరగతాండాదప్పా. చెట్లు గూడా నీవే ఉండల్ల. ముడి ఏసినా, కావాలంటే నువ్వే విప్పుకో."

విప్పే ధైర్యం ఎవరికుంటుంది? మగపెళ్లివారు ఆ చెట్ల మధ్యనుంచే లోపలికి నడుస్తున్నారు. తోటాయన కండువా దులుపుకుని వాళ్ల వెంట పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంటి నుంచి తాతయ్యకు మళ్లీ తాంబూలం రాలేదు. పందిళ్లకు పక్కూరివాళ్లను పిలిపించుకున్నారు. పందిరి పనికి ఏటా ఊరివాళ్లు మాకు కొలిచే గింజలూ ఆ ఏడు తగ్గాయి. మా నాయన సణిగాడు. తాతయ్య దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. పెళ్లయ్యాక బండలు ఒక్కొక్కటే కడిగి, అత్త వాకిట్లో ఉన్నచోటే పేర్చి వచ్చాడు. ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చి ఆయన పక్కన పెట్టి, తాగేదాకా అక్కడే కూర్చుంది.

రంజాన్ నెలకు గెల నిండింది. అత్త దాన్ని గడ్డిలో మాగవేసి మసీదుకు పంపింది. మా ఇంటికి ఒక హస్తం పండ్లు వచ్చాయి. ఆ పండులోని పులుపు నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

తర్వాత చదువుకుని, ఉద్యోగం చేసి, అనంతపురంలో స్థిరపడ్డాను. ఉన్నవాడు తనది దాచుకుని లేనివాడి పెరట్లోకి చెయ్యి చాపడం ఊళ్లోనే కాదు, ఆఫీసుల్లోనూ చూశాను. చూసిన ప్రతిసారీ నాకు కోపం వచ్చింది. వరండాలో నిలబడి అరిచాను, ఇంటికొచ్చి భార్య మీద విసుక్కున్నాను, అన్నం తిన్నాను. మంచం కింద దూరిన పిల్లవాడికీ నాకూ పెద్ద తేడా లేదు. నాకు కోపం తక్కువైన రోజు లేదు. తాడు పట్టుకుని కొలిచిన రోజులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ సుగంధం పిలకల సంతతి ఇప్పుడు మా పెరట్లో, జలదారి పక్కన ఉంది. మా వీధిలో ఒకాయన కుళాయి గొట్టానికి మోటారు బిగించి చివరి ఇళ్లకు నీళ్లు రానివ్వడం లేదు. మొన్న దాని గురించి మా అరుగు మీద కూర్చుని చాలాసేపు తిట్టాను. తిడుతూ తిడుతూ, అరటిచెట్టు వైపు చూసి ఆగిపోయాను. భయపడినావు అంటే, అవునురా భయమే అని ఒప్పుకుని, పుల్ల ఇమ్మని చెయ్యి చాపిన మనిషి గుర్తొచ్చాడు.

లేచి చెప్పులు వేసుకుని, నీళ్లు ఏ ఇంటి దగ్గర ఆగిపోతున్నాయో ముందు కనుక్కుందామని, చివరి ఇంటివాళ్ల తలుపు తట్టడానికి బయల్దేరాను.