పెరట్లో నక్క, చేలో జింక

ఈ ఉదయం గల్ఫ్‌లోని అల్ ఘర్రాఫాలో మేముండే విల్లా వెనక, ఏసీ నీళ్ళు కారే చోట, ఒక నక్క చచ్చి పడి ఉంది. ముడుచుకుపోయిన దాని సన్నటి కాళ్ళు చూడగానే మా మక్క చేను గుర్తొచ్చింది.

మా చేను పక్కన ఫారెస్టు వాళ్ళ రేకు బోర్డు ఉండేది; మీ ఊళ్ళో కూడా చూసే ఉంటారు. నేను నాలుగో తరగతి చదివేటప్పుడు, కుక్కలు తరిమిన జింక ఒకటి మా చేలో పడి చచ్చిపోయింది. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే.

"బోర్డు మీద ఏమున్నదో సదువు బిడ్డా," అన్నాడు బాపు.

"జింకను చంపితే జైలు."

"మనం సంపలేదు గదా!" అంది అమ్మ.

"అది గూడ రాసి ఉన్నదా?" అని బాపు నన్నే అడిగాడు.

లేదన్నాను. బాపు దాన్ని పెంటకుప్పలో పూడ్చాడు. ఆ తర్వాత చాలా రోజులు, జీపు చప్పుడైతే చాలు, ఇంట్లో అందరం మాటలు ఆపేసేవాళ్ళం.

ఇవాళ అమ్మకు ఫోన్ చేసి నక్క సంగతి చెప్పాను. గల్ఫ్‌లో ఏ దేశమైనా అమ్మకు దుబాయే.

"ముట్టకు బిడ్డా! దుబాయ్ పోలీసులు పట్టుకపోతరు."

మున్సిపాలిటీ నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఇంగ్లీషూ వచ్చు. అయినా నక్క మీద పాత తువ్వాలు కప్పి, ఆ నంబరు నొక్కలేక అక్కడే నిలబడ్డాను.