బొగిమ్ వదిన ముక్కు

ఎవరింట్లో కిమ్చి పచ్చడి పులిసిపోయిందో గోడ ఇవతల నుంచే చెప్పేసే మనిషి మా బొగిమ్ వదిన. ఆ ముక్కంటే ఊరందరికీ భయం, గౌరవం కూడా. ఏటా వసంతంలో సముద్రపు గుల్లలు ఏరుకునే మేట తెరిచే ముందు మొదటి గుల్ల ఆవిడ చేతికే ఇచ్చేవాళ్ళం. ఆవిడ వాసన చూసి, నోట్లో వేసుకుని, "దిగండర్రా" అంటేనే మేం బురదలో కాలు పెట్టేది.

ఓడ పగిలి నల్లనూనె కొరియా పడమటి తీరాన మా తేయాన్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన చలికాలం, రాళ్ళ మీద మొదట కూర్చున్నదీ ఆవిడే. ముక్కుకు కట్టుకునే ముసుగులు చాలకపోతే తనది తీసి నాకిచ్చింది. పట్నం జనం లక్షల్లో వచ్చి సాయంపట్టారు, వెళ్ళిపోయారు. మేం మాత్రం నాలుగు నెలలు ఒంటి మీది కోట్లతోనే కూర్చుని పాతగుడ్డలతో రాళ్ళు తుడిచాం. తలనొప్పి, వాంతులు, పొద్దున్నే మళ్ళీ అదే పని.

గుల్లలు కోలుకోలేదు. ఇసుకలో దాక్కోవాల్సినవి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని పడి ఉండేవి. వేలితో తాకితే టక్కున మూసుకోవాల్సిన చిప్ప నిద్రమత్తులో ఉన్నట్టు సగమే మూసుకునేది. విత్తనంగా కొత్త పిల్లగుల్లలు చల్లినా లోపల కండ పట్టలేదు, అంతా నీళ్ళే. రెండు గుల్లలు కొట్టిచూస్తే రాయి మోత రావాలి. చిల్లుకుండ మోత వచ్చేది. నాకు ఏడుపొచ్చేది.

మూడో వసంతానికి కాస్త బిగిశాయి. గుల్లల్లో నూనె హద్దులోనే ఉందని పట్నం నుంచి పరీక్ష కాగితమూ వచ్చింది. ఇక బొగిమ్ వదిన మాటే తరువాయి. కంపుగుల్ల ఒక్కటి సంతకు పోయినా మా తీరం సరుకు మళ్ళీ ఎవరూ ముట్టరు.

ఆటుకు నీరు లాగేసింది. బుట్టలతో అందరం నిలబడ్డాం. మాతో గుల్లలేరే మల్సున్ ఒక గుల్ల విప్పి అందించింది. వదిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏంటి వదినా, పెళ్ళిచూపులా? పోటు ఎక్కేస్తది, చెప్పు!" అంది మల్సున్.

"నాకేం తెలీట్లేదే."

"అంటే బాగున్నట్టేగా?"

"బాగుందనీ తెలీట్లేదు, బాలేదనీ తెలీట్లేదు. రాళ్ళు తుడిచిన కాణ్ణించి ఈ ముక్కు చచ్చిపోయింది. రెండేళ్ళ పైనుంచీ మీ కిమ్చీల్ని ఊరికే తిడుతున్నా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మల్సున్ గుల్ల లాక్కుని తను చూసింది. వాసనేదీ అందక ముఖం మాడ్చుకుని పక్కావిడకిచ్చింది. ఆవిడా చూసి తల అడ్డంగా ఊపింది. చేతులు మారి అది నా దాకా వచ్చింది. ముక్కుకు చల్లగా తగిలింది, అంతే. నా ముక్కూ పోయిందని నాకు ముందే తెలుసు. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ చలికాలం ఇక్కడ లేని మనిషి ఒక్కతే, నా కోడలు న్యుంగ్. పోయిన శరదృతువులోనే వియత్నాం నుంచి కాపురానికొచ్చింది. దాని చేతిలో పెట్టాను. వాసన చూసి తల వెనక్కి తిప్పుకుంది.

"అత్తా, ఇది మా నాన్న పడవ ఇంజిను కంపు."

"నిన్నగాక మొన్నొచ్చింది, దీనికేం తెల్సు మన గుల్లల సంగతి!" అని మల్సున్ విరుచుకుపడింది.

"దానికే తెల్సు. మనకే తెలీదు," అంది బొగిమ్ వదిన. "పదండి ఇళ్ళకి."

ఆ ఏడూ మేట తెరవలేదు. దారిలో న్యుంగ్‌ని అడిగాను, నువ్వొచ్చినప్పుడు మన ఇంట్లోనూ ఆ కంపు ఉందా అని.

"నీ కోటుకుంది అత్తా. రెండుసార్లు ఉతికా, పోలేదు. రోజూ అదే వేసుకుంటున్నావ్, నీకిష్టమేమో అనుకున్నా."