ఎవరి కుడి?

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లల్ని భయపెట్టడానికి బూచివాణ్ని పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా మేనత్త ఇంట్లోనే ఉండేది. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తన వాటా పొలం తానే చేసుకునేది. బండి కూడా తానే తోలేది. కోయిలకుంట్ల బజారులో ఆమె బండి కనపడితే మగవాళ్లు అరుగుల మీదికి ఎక్కేవారు. ఎద్దులు పొడుస్తాయని ఎక్కామని చెప్పుకునేవారు గానీ, ఆ ఎద్దులంత సాధువులు మా ఊళ్లో లేవు. ఆమె దగ్గర ఉన్నాక సాధువులు కాక ఏం చేస్తాయి?

మా పక్కింట్లో ఒక సాయబుల కుటుంబం ఉండేది. గాజుల వ్యాపారం వాళ్లది. ఆ ఇంటి పిన్నమ్మకు ఒక్కడే కొడుకు, ఆరేళ్లవాడు. ఆ ఏడు ఎండాకాలం వాడికి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ కాళ్లలోని సత్తువ వెంట తీసుకుపోయింది. కర్నూలుకు తీసుకుపోయారు. రాజధాని హోదా పోగొట్టుకుని కర్నూలు ఇంకా ఆ దిగులులోనే ఉన్న రోజులవి. అక్కడ తండ్రి దగ్గరుండి వైద్యం చేయిస్తుండగా, బొంబాయి రేవులో పనిచేసే వాడి మేనమామ ఇంటికి ఒక కారు తెచ్చాడు.

ఆడుకునే కారే. ఎర్రటి జపాను రేకు కారు. దాని వెనక నుంచి తోకలాగా పొడవాటి తీగ, తీగ చివర చేతిలో పట్టేంత డబ్బా, డబ్బా మీద ఒక మీట, ఒక బుల్లి చక్రం. మీట నొక్కి పట్టుకుంటే కారు పోతుంది. చక్రం తిప్పితే మలుపు తిరుగుతుంది. మేనమామ ఒక్కసారి నడిపి చూపించి, నంద్యాలలో రైలు అందుకోవాలని వెళ్లిపోయాడు. పిన్నమ్మ దాన్ని పాత చీరలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు మా ఇంటికి ఎత్తుకొచ్చింది.

"చూడు బేటీ, దీన్ని ముట్టాలంటే నాకు భయమైతాంది. నువ్వు బడికి పోతావు గదా, నువ్వు నేర్చుకో. మా వాడు వచ్చినాక వానికి నేర్పియ్యి. పగలకుండా చూసుకో తల్లీ. మా వానిది అని నడిచేది ఇంగ ఇదొక్కటే."

అయిదో తరగతి చదివే పిల్లకు యంత్రాలు తెలుస్తాయని ఆమె నమ్మకం. నాకు అప్పటికి తెలిసిన యంత్రం కవ్వం. అయినా తలూపాను. ఆమె చివర అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ పూట నాకు అన్నం దిగలేదు. నా వాటా కూడా మా తమ్ముడే తిన్నాడు. వాడికి అయిదేళ్లు. వాడి చేతిలో పడిన వస్తువు మళ్లీ పాత రూపంలో కనపడేది కాదు. కాబట్టి నా భయం రెండు రకాలు: ఒకటి నా చేతుల గురించి, రెండోది వాడి చేతుల గురించి. చెడిపోతే బాగుచేసేవాడు మా ఊళ్లో లేడు, నంద్యాలలో లేడు. బొంబాయిలో ఉన్నాడో లేడో మేనమామ చెప్పలేదు.

మర్నాడు నాపరాళ్లు పరిచిన మా నడిమింట్లో కారు దించాను. మీట నొక్కాను. కారు బుద్ధిగా నా ముందర పోయింది. ఎటు తిప్పితే అటు తిరిగింది. ఇంత తేలికా అనుకున్నాను. గోడ దగ్గర చుట్టు తిరిగి నా వైపు రావడం మొదలుపెట్టగానే దానికి పిచ్చి పట్టింది. నేను కుడికి తిప్పితే ఎడమకు పోతోంది. కంగారుపడి ఇంకా కుడికి తిప్పితే ఇంకా ఎడమకు పోతోంది. మీట వదిలేస్తే ఆగుతుందని తెలుసు. కానీ భయంలో వేలు సడలదు, బిగుస్తుంది. ఆ సంగతి మేనమామ చెప్పలేదు. రుబ్బురోలు పక్కగా దూసుకుపోయి కారు ఒకదానికి కొట్టుకుని ఆగింది.

కారుకు ఏమీ కాలేదు. మా అత్త కాలి బొటనవేలికి కొంచెం అయింది.

గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని శనక్కాయలు ఒలుస్తోంది ఆమె. తమ్ముడు అప్పటికే గాదె వెనక ఉన్నాడు. నాకు పారిపోవాలని ఉన్నా, చేతిలో తీగ ఉంది, తీగ చివర సాక్ష్యం ఉంది. అత్త కారును ఎత్తి, నాలుగు చక్రాలూ తిప్పి చూసి, నేల మీద పెట్టింది. వేలు చూసుకోలేదు.

"యా పక్కకి తిప్పితివి?"

"కుడికే అత్తా. నిజంగా కుడికే తిప్పినా."

"ఎవురి కుడి?"

ఈ ప్రశ్నకు అర్థం నాకు తెలియలేదు. బళ్లో కుడి అంటే అన్నం తినే చెయ్యి అని నేర్పారు. ఆ మాటే చెప్పాను. అత్త నన్నూ కారునూ మార్చి మార్చి చూసింది. "ఇది యా చేత్తో తింటాది?" అంది.

నేను ఏడవడానికి సిద్ధమయ్యాను. "ఏడిస్తే కండ్లు కనపడవు, రేపు బండి కాడ కండ్లు కావల్ల" అంది అత్త, మళ్లీ శనక్కాయలు అందుకుంటూ. ఓదార్పు అంటే ఆమెకు అంతవరకే వచ్చు.

రేపు బండి దగ్గర ఏముందో ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే నేను తెల్లారకముందే ఊరు విడిచి ఉండేదాన్ని.

మర్నాడు పొద్దున మా సందులో నన్ను నడిమధ్య నిలబెట్టింది. నా కుడి చేతివైపు పశువుల నీళ్లతొట్టి. ఎడమ చేతివైపు ఖాళీ దోవ. తను సందు చివరికి పోయి, బండి కట్టుకుని, నాకు ఎదురుగా తిప్పింది.

"ఇప్పుడు నీ మిందికి వస్తా. యా పక్కకి పోవల్లనో నువ్వే చెప్పు. నువ్వు చెప్పిన పక్కకే తోల్తా. చెప్పకపోతే నేరుగా వస్తా."

తమ్ముడు అరుగు మీద కూర్చుని బెల్లం ముక్క చప్పరిస్తున్నాడు. అక్క ఎట్లా పోయిందో అమ్మకు చెప్పడానికి ఒకడుండాలి కదా అన్నట్టుంది వాడి ముఖం.

ఎద్దులు కదిలాయి. కూర్చుని చూసినప్పుడు ఎద్దు ఎద్దులాగే ఉంటుంది. ఎదురుగా వస్తున్నప్పుడు అది ఎక్కువ భాగం కొమ్ములే. "ఎడమ! ఎడమ!" అని అరిచాను. అత్త ఒక్క క్షణం ఆలోచించకుండా ఎద్దుల ఎడమకు తోలింది. అంటే తొట్టివైపుకు. కాడి కొన తొట్టి అంచుకు జానెడు దూరంలో ఆగింది. ఎద్దు ఊపిరి వెచ్చగా నా చెంపకు తగిలింది.

"ఎవురి ఎడమ?" అంది అత్త మళ్లీ. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

"నాది..."

"బండి తోలేది నీ ఎడమనా? ఇనుకో. బండికి ఎడమ పక్కది దాపటి ఎద్దు, కుడి పక్కది వలపటి ఎద్దు. నువ్వు ముందర నిలబడినా దాపటిది దాపటిదే, ఎనక నిలబడినా దాపటిదే, బాయిలో దూకి కింద నుంచి చూసినా దాపటిదే. చూసేవాళ్లను బట్టి ఎద్దు మారదు. నీ చేతులు మర్చిపో. వచ్చి నా పక్కన కూచో."

"ఎక్కమంటావా అత్తా?" అన్నాను, ప్రాణం లేచి వచ్చి.

"ఎక్కొద్దు. ఆడే నిలబడి కూచో."

బండి వెనక్కి పోయి మళ్లీ బయలుదేరింది. ఈసారి కళ్లు మూసుకున్నాను, ధైర్యం వల్ల కాదు. మూసుకున్న కళ్లలో నేను బండి మీద అత్త పక్కన కూర్చున్నాను. ముందర కాడి, కాడి కింద రెండు మూపురాలు. ఎదురుగా సందులో రెండు జడలేసుకున్న పీచులాంటి పిల్ల ఒకతె, గడగడ వణుకుతూ నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ పిల్లను చూస్తే నాకు జాలేసింది. పాపం, ఆ పిల్లకు తగలకుండా పోవాలంటే...

"వలపట!" అన్నాను.

బండి నా పక్క నుంచి చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. కళ్లు తెరిచేసరికి దుమ్ము, గంటల మోత, నా రెండు కాళ్లు, అన్నీ ఉన్నాయి. అత్త వెనక్కి తిరిగి చూడలేదు. బండి అటునుంచి అటే పొలానికి పోయింది. మా అత్త శభాష్ అనడం అంటే అదే.

ఆ తర్వాత కారు నా మాట వినడం మొదలుపెట్టింది. ఎదురుగా వస్తున్నా సరే, దాని లోపల ఎద్దులున్నట్టు అనుకుని వాటికే చెప్పేదాన్ని. తమ్ముడికి కూడా నేర్పాను. వాడి మెడ మీద తువ్వాలు వేసి, వాణ్ని ఎద్దును చేసి, దాపట, వలపట అని తిప్పాను. ఎద్దుగా వాడికి మంచి పేరే వచ్చింది. కారు డబ్బా మాత్రం, నేను వాడి వేళ్ల మీద వేళ్లు పెట్టిగానీ ఇవ్వలేదు.

దసరాకు ముందు పక్కింటి చిన్నోణ్ని ఇంటికి తెచ్చారు. చిక్కిపోయి వస్తాడు, నీరసంగా ఉంటాడు, మెల్లగా నేర్పాలి అని నేను మాటలు కూడబెట్టుకున్నాను. వాణ్ని అరుగు మీద మంచం వేసి కూర్చోబెట్టారు. మంచం దిగకుండానే వాడు వీధి మొత్తాన్ని అదిలిస్తున్నాడు. నన్ను చూడగానే, "ఏమక్కా, నా బండి నువ్వు తోల్తాండావంటనే. ఎవురిచ్చిరి నీకు?" అన్నాడు. నీరసం సంగతి అక్కడితో సరి.

నేను పాఠం మొదలుపెట్టాను. తమ్ముడు తువ్వాలు వేసుకుని ఎద్దై నిలబడ్డాడు. దాపట, వలపట అని నేను వివరిస్తుంటే చిన్నోడు ఆవలించాడు. గాజుల ఇంటి పిల్లవాడికి ఎద్దుల సంగతి ఏం తెలుసు? నేను కూడబెట్టిన విద్య అంతా వాడికి అక్కరకు రాని భాష. ఈలోగా వాడు నా చేతిలోంచి డబ్బా లాక్కుని మీట నొక్కేశాడు.

కారు అరుగు మీద దూరంగా పోయింది. తీగ సాగినంత దూరం పోయి, చుట్టు తిరిగి వాడివైపు బయలుదేరింది. సరిగ్గా నాకు పిచ్చెక్కించిన చోటే. అరుగుకు ఒక పక్క గోడ, ఇంకో పక్క అంచు. అంచు కింద నాపరాతి మెట్లు, మెట్ల కింద మురిక్కాలువ. కారు అంచువైపుకు జరుగుతోంది. తీగ పట్టుకు లాగితే తీగ ఊడుతుంది, లాగకపోతే కారు పడుతుంది. పిన్నమ్మ "కుడికి, కుడికి రా!" అని అరిచింది. పిన్నమ్మ ఎవరి కుడి చెబుతోందో ఆమెకే తెలియదు. ముందరి చక్రం అంచు మీదికి వచ్చింది. వాడికంటూ నడిచేది ఇదొక్కటే అన్న మాట నా చెవుల్లో హోరుమంది. డబ్బా లాక్కోవడానికి నా రెండు చేతులూ ముందుకు పోయాయి.

పోలేదు. వెనకనుంచి ఒక చెయ్యి నా రెండు మణికట్లూ పట్టుకుంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు, అత్త. ఆమె పట్టు ఎట్లా ఉంటుందో ఎద్దులను అడగాలి.

"వాని చేతిలో ఉండాది గదా పగ్గం," అంది నా చెవి దగ్గర. "నువ్వు లాక్కుంటే అది పడకపోవచ్చు. వాడు పడతాడు."

నేను ఆ చెయ్యి విడిపించుకోవాలని చూశాను. ఆ వయసులో నేను భయపడినవాటిలో ఎద్దులున్నాయి, అత్త ఉంది, అన్నిటికన్నా పెద్దది ఆ అంచు. వాడు నాలుక బయటపెట్టి, కళ్లు చికిలించి, చక్రాన్ని ఇంత తిప్పాడు. బయటనుంచి చూసేవాళ్లు తిప్పే పక్కకు కాదు, కారుకు కావాల్సిన పక్కకు. కారు అంచు మీదనుంచి మెల్లగా గోడవైపుకు జరిగి, మంచం కోళ్ల మధ్యనుంచి దూరి, అవతల తేలి, తిన్నగా వచ్చి నా మడమకు గుద్దుకుంది. అది మాత్రం కావాలనే చేశాడు.

నాకు ఊపిరి అందాక అడిగాను, ఎదురుగా వస్తున్నప్పుడు ఏ పక్కకు తిప్పాలో నీకెట్లా తెలిసిందిరా అని. ఇంత తెలివితక్కువ ప్రశ్న వాడు కర్నూలులో కూడా విన్నట్టు లేదు.

"ఎదురుగా యాడొచ్చె? నేను లోపలే కూచోనుంటిని గదా. నువ్వెందుకక్కా బయట నిలబడుకోని తోల్తావు?"

పిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. అత్త నా మణికట్లు వదిలి, ఆ పిల్లవాణ్ని కాసేపు చూసింది. ఆమె ఒకరిని అట్లా చూడటం నేను ఎరగను. కొత్త ఎద్దును బేరం చేయకుండానే కొనేయాలని నిర్ణయించుకున్నప్పుడు చూసే చూపు అది. మర్నాటినుంచి పొలానికి పోయేటప్పుడు వాణ్ని ఎత్తి బండిలో తన పక్కన కూర్చోబెట్టుకునేది. పగ్గాలు వాడి చేతికిచ్చి, తన చేతులు ఒళ్లో పెట్టుకునేది. ఆ చేతులు ఒళ్లో ఊరికే ఉండేవి కావు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి. అది చూసిన రోజున నాకు తెలిసింది, మా అత్తకు కూడా భయం ఉందని.

తర్వాత నేను చదువుకుని, టీచరునై, పిల్లలకు చాలా నేర్పాననే అనుకుంటున్నాను. ఏ పిల్లకైనా ఏదైనా చేతికిచ్చినప్పుడు, అది సూది కానీ, సైకిలు కానీ, అన్నం వార్చే గిన్నె కానీ, ఆ అరుగు అంచు నాకు కనపడుతుంది. ఇన్నేళ్లలో ఆ భయం ఆవగింజంత కూడా తగ్గలేదు. మొన్న మా మనవరాలు మొదటిసారి స్కూటీ తోలుతుంటే వెనక కూర్చున్నాను. "అవ్వా, నీకు భయంగా లేదు గదా?" అని అడిగింది. లేదన్నాను. నా చేతులు ఆ పిల్లకు కనపడవు కాబట్టి చెల్లిపోయింది. రెండూ నా ఒళ్లో, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.